మజ్జిగ ముట్టని వియ్యంకుడు

తిరువూరు, 1957

పూజ్యులైన బావగారు చంద్రశేఖరం గారికి,

దశరథరామయ్య నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమమని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. మొన్న మీరు వచ్చి వెళ్ళినప్పటినుంచి మీ చెల్లెలు కనకమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు. మంచినీళ్ళిస్తే వద్దన్నారు. మజ్జిగ వద్దన్నారు. కాఫీ గ్లాసు చూసి మొహం తిప్పుకున్నారు. విస్తరి ముందునుంచి లేచి పెరట్లోకి వెళ్ళారు, వచ్చారు, మళ్ళీ వెళ్ళారు, ఆఖరికి అటునుంచి అటే బస్సెక్కారు. పిల్లనిచ్చిన ఇంట వియ్యంకుడు గుక్కెడు నీళ్ళు ముట్టకుండా పోతే బజార్లో నేనెలా తలెత్తుకోను? మీ ఇంట మా బాలామణి ఏం తప్పు చేసిందో దయచేసి రాయండి.

విధేయుడు,
దశరథరామయ్య

తా.క. గోంగూర పచ్చడిలో ఉప్పెక్కువైందని కనకమ్మ అనుమానం. మీరసలు రుచే చూడలేదని ఎంత చెప్పినా వినడం లేదు.

బెజవాడ

బావగారికి,

చంద్రశేఖరం నమస్కారాలు. బాలామణి బంగారం. ఆ పిల్లను ఏమన్నా అంటే మా ఆవిడ ముందు నన్ను ఇంట్లోంచి గెంటుతుంది. ఆ రోజు నాకు వ్రతం. నీళ్ళు కూడా ముట్టకూడదు. అంతకుమించి ఏమీ లేదు. చెల్లెమ్మను ఊరుకోమనండి.

ఇట్లు,
చంద్రశేఖరం

తా.క. ఏ దేవుడి వ్రతమని అడగకండి. చెప్తే ఫలం పోతుందట.

తిరువూరు

బావగారికి నమస్కారాలు.

వ్రతమన్నారు, నమ్మాను. నిన్న బస్సు కండక్టరు యేసుదాసు మా కొట్టుకొచ్చి వేరే కథ చెప్పాడు. విస్సన్నపేట దాటగానే బస్సాపించి మామిడితోటలోకి వెళ్ళారట. చాలాసేపు ఒక చెట్టుకు ఎదురుగా నిలబడ్డారట. మళ్ళీ రెడ్డిగూడెం దగ్గర ఇంకో తోటలోనూ అంతేనట. ఆ రెండు తోటల కాపూ ఈ ఏడు నేను గుత్తకు మాట్లాడుకున్నదే! మామిడి వ్యాపారం మీద మనసుంటే ఒక్క మాటంటే సగం వాటా ఇవ్వనా? దొంగచాటుగా కాపు చూసుకుపోవడం వియ్యంకులకు తగునా? నాకు చాలా కష్టంగా ఉంది.

దశరథరామయ్య

తా.క. కాపు చూసేవాళ్ళు పైకి చూస్తారు. మీరు కిందికే చూస్తూ నిలబడ్డారని యేసుదాసు అంటున్నాడు. వేరుకు తెగులుందా? ఉంటే దాచకండి.

బెజవాడ

బావగారూ,

మీ తోటలు మీరే ఏలుకోండి. సిగ్గు విడిచి రాస్తున్నాను, చదివి పొయ్యిలో పడేయండి. చాలాకాలంగా నాకు మూత్రం సరిగ్గా రావడం లేదు. ఉన్నపళంగా వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే చుక్కలే. ఇటు తిరగ్గానే మళ్ళీ మొదలు. అందుకే బస్సెక్కే రోజు నీళ్ళు ముట్టను. ఇక్కడి డాక్టరుగారు ప్రోస్టేటు గ్రంథిని పరీక్ష చేయాలన్నారు. ఎలా చేస్తారో అడిగాను. వెనకనుంచి, రబ్బరు తొడుగేసుకుని, వేలితోనట! చావనైనా చస్తాను గానీ ఆ పని చేయించుకోను. క్యాన్సరంటారేమోనని కూడా హడలిపోతున్నాను. ఇంట్లో మీ చెల్లెలికి ఏమీ తెలియదు.

చంద్రశేఖరం

తా.క. డాక్టరుగారి వేళ్ళు బాగా లావు. నమస్కారం పెట్టినప్పుడు చూశాను.

తిరువూరు

బావగారికి,

ఉత్తరం పొయ్యిలో వేశాను. తప్పు పచ్చడిది కాదని మాత్రం కనకమ్మకు చెప్పాను, ఏడుపాపింది. మీరు సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే లోపలి జబ్బు ఊరుకుంటుందా? మంగళవారం బస్సుకు వస్తున్నాను. ముందు నేనే ఆ బల్ల మీద పడుకుంటాను. నాకు ఏ బాధా లేదు, ధార బ్రహ్మాండంగా ఉంది, అయినా చూపించుకుంటాను. ఆడపెళ్ళివారు చేయించుకున్నాక మగపెళ్ళివారు వెనక్కి తగ్గితే పరువేముంటుంది?

మీ దశరథరామయ్య

తా.క. ఆ వేళ్ళ సంగతి మీరు రాయకుండా ఉండాల్సింది.

బెజవాడ

బావగారూ,

మంగళవారం మీ పరీక్ష కాగానే మీరు బల్ల దిగి, పంచె సర్దుకుని, "నేను రోగిని కాదండీ, తోడొచ్చాను, బస్సు వేళయింది" అంటూ డాక్టరుగారు నోరు తెరిచేలోపే పరుగెత్తారు. మీరు చేయించుకున్నారు గనక నేనూ పళ్ళు బిగించి పడుకున్నాను. నాది వయసుతో వచ్చిన వాపేనట. చేతికి క్యాన్సరు లక్షణమేమీ తగల్లేదట, ఆపరేషనుతో సర్దుకుంటుందన్నారు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే, "మీ వియ్యంకుడేరీ?" అని అడిగారు.

మీ గ్రంథికి ఒక పక్కన శనగగింజంత గట్టి గడ్డ తగిలిందట. క్యాన్సరు మొదలేమోనని ఆయన అనుమానం. బాధ లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదట, బాధ తెలిసేసరికి తరచు ఆలస్యమైపోతుందట. ఇప్పుడే బయటపడింది కాబట్టి మద్రాసు తీసుకెళ్ళి, ముక్క తీయించి చూపిస్తే నయం చేసుకోవచ్చని ఆయన ఆశ. నా సిగ్గు పోగొట్టడానికి పడుకున్నారు బావగారూ, నాకు మీరు కావాలి.

శుక్రవారం బస్సుకు వస్తున్నాను. మద్రాసుకు నేను తోడు. వ్రతం గిత్రం అంటే ఒప్పుకోను. చెల్లెమ్మను మజ్జిగ చేసి ఉంచమనండి. ఈసారి చెంబు ఖాళీ చేసి గానీ లేవను.

మీ చంద్రశేఖరం

తా.క. తిరుగు ప్రయాణంలో ప్రతి తోట దగ్గరా బస్సాపాలని యేసుదాసుకు ముందే చెప్పి ఉంచండి. మీరు నా పక్కన నిలబడి పైకి కాపు చూడండి. కిందికి నేను చూసుకుంటాను.