నియుటావోకు వస్తున్న తెల్ల పడవ

ఫునాఫుటి,
జూలై 14, ఆదివారం.

గౌరవనీయులైన టెయిరి అక్కకు,

సెలూకా నమస్కారాలు. ఇక్కడ అందరం దేవుడి దయవల్ల బాగున్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందని, మళ్లీ పులకా దుంపలు పండించే గుంటలోకి దిగుతున్నారని విని సంతోషించాను. నాలుగేళ్లుగా నా పలకరింపుకు మీరు బదులివ్వలేదు. ఈ ఉత్తరమైనా చివరిదాకా చదవండి.

మన నియుటావో దీవి నుంచి ఇద్దరం శాసనసభకు ఎన్నికై వచ్చాం. మీ ఆయన లోటోమౌ బావగారు ప్రభుత్వం వైపు, నేను ఎదుటి వైపు. ఎన్నికలప్పుడు మీరు ఊరి సభామండపం మధ్యలో నిలబడి, "చాప అల్లడం రానిది చట్టాలు అల్లుతుందట!" అని పాట కట్టారు. ఊరంతా పడీపడీ నవ్వారు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది.

ఇక్కడికి, రాజధాని ఫునాఫుటికి వచ్చే ఓడలో బావగారు నాకు వీపు తిప్పి కూర్చున్నారు. కాని నాకు వాంతులు పట్టుకుంటే ఒక లేత బొండం నా వైపు దొర్లించి, "తాగు పిల్లా, నువ్వు చస్తే మళ్లీ ఎన్నికలు పెట్టాలి" అన్నారు.

సభలో నేను అడిగింది ఒకటే: దూరపు దీవులకు ఒక ఆసుపత్రి పడవ. అడిగినప్పుడల్లా మంత్రిగారు, "ఓడలున్నాయి కదమ్మా, కాన్పు నొప్పులొచ్చే ముందే బయల్దేరొచ్చుగా" అనేవారు. బావగారు వాళ్లతోపాటు చెయ్యెత్తి నన్ను ఓడించేవారు. బయటికొచ్చాక, "ఏం పిల్లా, మళ్లీ మునిగిందా నీ పడవ?" అని వెక్కిరింపు. "మునగలేదు బావా, పోటు కోసం చూస్తోంది" అనేదాన్ని.

పోయిన ఏడాది చివరి సమావేశంలో ఆ పోటు వచ్చింది. దేశమంతా రేడియోల ముందు కూర్చుంది. చేతులెత్తమన్నారు. మావాళ్లం ఎత్తాం, చాల్లేదు. అంతలో బావగారు లేచి, మా వైపు నడిచి వచ్చి, నా సంచీ పక్కకు జరిపి కూర్చుని చెయ్యెత్తారు. "లోటోమౌ, దారి తప్పావా?" అని ప్రధాని అడిగారు. "ముసలాణ్ణేగాని గుడ్డివాణ్ణి కాదయ్యా. నా చెయ్యి లెక్కపెట్టండి" అన్నారు బావగారు.

ఒక్క చెయ్యి ఎక్కువైంది, అక్కా! ఒక్కటంటే ఒక్కటి!

బయట జనం చెక్కపెట్టెలను డప్పుల్లా వాయిస్తూ పాటలందుకున్నారు. మా మెడలు పూలదండలతో నిండిపోయాయి. బావగారిని లాక్కొచ్చి ఆడించాం. ఆయన ఆట చూశాక చట్టం వెనక్కి తీసుకోవాలనిపించింది.

ఆ పడవ నిన్న రేవులోకి వచ్చింది. లోపల మంచం, దీపం, నర్సు కూర్చోవడానికి చోటు, అన్నీ ఉన్నాయి. మొట్టమొదట మన నియుటావోకే తీసుకొస్తున్నాం. శుక్రవారం పొద్దున నేనూ బావగారూ అందులోనే దిగుతాం. ఈ ఉత్తరం రేపటి ఓడలో పంపుతున్నాను, మాకంటే ముందే మీకు అందుతుంది.

వచ్చే నెల మా పదవీకాలం ముగుస్తుంది. మళ్లీ నిలబడతాను. మీరు మళ్లీ నా మీద పాట కట్టండి, కాని ఈసారి చాప సంగతి వద్దు. అల్లడం నేర్చుకున్నాను.

మీ ఆదరం కోరుకునే,
సెలూకా

తా.క.: బావగారు వచ్చే ప్రభుత్వంలో మంత్రి పదవికి ఆశపడి అటు నుంచి ఇటు దూకారని ఊళ్లో అంటున్నారట. మీరూ ఆయనతో ముభావంగా ఉంటున్నారట. పదవి ఎవరూ ఇస్తామనలేదు, ఆయన అడగలేదు. ఓటు ముందురోజు సాయంత్రం, అందరూ షికారు చేసే విమానాల రన్‌వే మీద నడుస్తూ నాతో చెప్పారు: "పెళ్లయిన ఏడాదే టెయిరికి ఓడలో కాన్పయింది పిల్లా. పాప ఏడవలేదు. పెట్టుకున్న పేరు మేమిద్దరం మళ్లీ నోరెత్తి అనుకోలేదు. అయినా ఇన్నాళ్లూ ఆ ఓడలు చాలని చెయ్యెత్తాను. ఇక ఎత్తలేను." మీతో అనొద్దన్నారు. కాని పడవకు పేరు పెట్టే అవకాశం ప్రభుత్వం నాకిచ్చింది. పాపకు పెట్టుకున్న పేరేమిటని బావగారిని అడిగాను. చెప్పారు. పడవ ముందువైపు నీలి అక్షరాలతో 'లినేటా' అని రాయించాం. ఒడ్డున అంతమంది మధ్య మీరు ఉన్నట్టుండి అది చదవకూడదని ముందే చెబుతున్నాను. శుక్రవారం ఆ పేరు మీరే మొదట గట్టిగా పిలవండి, అక్కా.