బస్సులో నిలబడే వచ్చిన అమ్మకు

అమ్మా,

రేపు నీ సంవత్సరీకం. నీ మనవరాలు లలిత కాన్పుల డాక్టరవుతుందనుకుంటే, మూత్రం ఆపుకోలేని ఆడవాళ్ళకు ఆపరేషన్లు చేసే పై చదువు ఎంచుకుంది. బయటికి చెప్పుకునే జబ్బా అది? ఆ చదువులో ఎవడో నచ్చినవాడు ఉన్నాడేమోనని నా అనుమానం. "యాల తీసుకున్నావే?" అంటే, "ఇష్టమైందిమా" అని తలొంచుకుంది.

నిన్న కుప్పంలో దాని క్యాంపుకు నేనూ వెళ్ళాను. కుర్చీ ఖాళీగా ఉన్నా ఒక ముసలామె గోడకానుకుని నిలబడే ఉంది. లలిత ఎందుకని అడగలేదు. తువ్వాలు మడిచి కుర్చీలో వేసి, "కూసో అవ్వా, తడిస్తే తడవనీలే" అంది. ఆమె మెల్లగా కూర్చుంది.

పుంగనూరు నుంచి మదనపల్లెకు, సీట్లున్నా నువ్వు నిలబడే వచ్చేదానివి. "కూసుంటే నడుము పట్టుకుంటాదిలే" అనేదానివి. నేను నమ్మాను.

తిరుగు బస్సులో లలితను అడిగాను, "మీ అవ్వ నీకు చెప్పిందా?" అని.

"ఏం చెప్పాల?" అని కిటికీ వైపు తిరిగింది.

దాని మాట నేను నమ్మలేదు. నడుము నొప్పి మాట నాకు, అసలు మాట దానికా? నీ కడుపున పుట్టింది నేను కదమ్మా.