డ్వేన్ చొక్కా

నాన్నకు, నేను కులాసా, మోకాలి వాపు తగ్గింది.

ఈ ఏడైనా మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు నాలుగు పాయింట్లు తెస్తుందా అని నువ్వు అడిగావని అమ్మ రాసింది. తెస్తుందనే అనుకుంటున్నాను. ఈసారి మావాళ్లకు బంతి విసిరి అందించే డ్వేన్ ఎడమచేతివాటం మనిషి. విసిరేటప్పుడు కుడివైపు నుంచి ఎవరొచ్చినా అతనికి కనబడరు. ముందు వరసలో కుడి చివర నేనే కాబట్టి అవతలివాళ్లు అతన్ని పడగొట్టకుండా ఇప్పుడు కాపలా నాది. మంగళవారం సాధనలో నిరుటి కుడిచేతివాటం వాడి నాటి అలవాటు కొద్దీ మధ్యకు జరిగి, నా చివర ఖాళీ వదిలేశాను. అవతలివాడు దూసుకొచ్చి డ్వేన్‌ను బురదలో పడేశాడు.

"ఏరా వెర్న్, గేటు తీసి పశువుల్ని తోలావా?" అన్నాడు కోచ్.

డ్వేన్ లేచి, "పశువులే నయం సార్, తొక్కేముందు అరుస్తాయి" అన్నాడు.

కంచె గుంజలు దిగ్గొట్టేటప్పుడు నువ్వు ఎడమచేత్తో సమ్మెట ఎత్తి ఒళ్లు ఎటు తిప్పుతావో నాకు తెలుసు గదా. డ్వేన్ కూడా అలాగే తిరుగుతాడు. నిన్న అది గుర్తుపెట్టుకుని నిలబడితే, వెనక్కి చూడకుండానే అతనెక్కడున్నాడో తెలిసింది. సాయంత్రం దాకా అతని చొక్కాకు బురద అంటలేదు. ఆ చోటు నాకే ఉంచుతానన్నాడు కోచ్.

నా ఉన్ని మేజోళ్లు పంపించు. ఎర్రావు ఈనిందా? చివరి కోత గడ్డి తడవకుండా కొట్టంలోకి చేరిందా?

శనివారం మొదటి ఆట. పాలు పితికే పని హెర్మన్ బాబాయికి అప్పగించి, ఈ ఒక్కసారి రా. బంతి ఎటుపోయిందో తెలియకపోయినా ఫరవాలేదు, డ్వేన్ చొక్కా చూడు. అది తెల్లగా ఉన్నంతసేపూ నేను నా పని చేస్తున్నట్టే.

అమ్మనూ చెల్లి లోయిస్‌నూ అడిగానని చెప్పు.

వెర్న్