రెండో గొట్టం

పెద్దారవీడు,
జూన్ 3

ప్రియమైన షబానా,

ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే బడి రోజుల్లోలాగే ఉత్తరం.

బేగం బాగుంది. అమీనా అత్త పోయాక, నీ నర్సింగ్ హాస్టల్లో పిల్లిని ఉండనివ్వరని నాకిచ్చావు కదా, ఐదు నెలల్లో ఇంటి పెత్తనమంతా దానిదైపోయింది. మా భీముడు, అంత కుక్క, దాన్ని ముందు తిననిచ్చి తర్వాత మూతి పెడతాడు. మధ్యాహ్నం వాడి పొట్టకు ఆనుకుని నిద్రపోతుంది. నాయన "బేగమ్మగారూ, దయచెయ్యండి" అంటూ పెరుగన్నం కలిపి పెడతాడు.

ఇద్దరికీ బొచ్చులో ఎగిరే పురుగులు పట్టాయి. బేగం గోక్కుని మెడ పుండు చేసుకుంది. చేలో చల్లే పొడి తెస్తానంటే నాయనను ఆపాను. మార్కాపురంలో పశువుల మందుల దుకాణంలో అడిగితే, మెడ వెనక చుక్కలుగా వేసే మందు ఉందని, కుక్క బరువెంతో చెప్పమన్నారు. మిర్చి తూచే కాటా మీద భీముణ్ని నిలబెట్టాం. "ఇరవై రెండు కిలోలు. తరుగు తీసెయ్ మ్మా, ఇరవై ఒకటే" అన్నాడు నాయన.

ఒకటే మందు ఇద్దరికీ వెయ్యొచ్చా? కనుక్కుని రాయి.

నీ,
అరుణ


గుంటూరు,
జూన్ 8

ప్రియమైన అరుణా,

వెయ్యకూడదు. ఇక్కడ పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లి మరీ అడిగాను. కుక్కల మందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్కకు ఏమీ కాదు, పిల్లికి విషం. బేగానికి పిల్లి బొమ్మ ఉన్న పెట్టె, దాని బరువుకు తగ్గది వేరే కొను. నాలుక అందని చోట, తల వెనక, బొచ్చు పాయ తీసి చర్మం మీద వెయ్యి. భీముడి మందు బాగా ఆరేదాకా, రెండు రోజులు, ఇద్దర్నీ విడిగా ఉంచు. ఇంట్లో అందరికీ చెప్పు.

అమ్మ పోయిన పూట నేను డ్యూటీలో ఉన్నాను. బేగం ఆమె కాళ్ల దగ్గర ఉంది. ఆ పూట సంగతి తెలిసింది దానికొక్కదానికే. జాగ్రత్త.

మామకు సలాం చెప్పు.

నీ,
షబానా


పెద్దారవీడు,
జూన్ 17

షబానా,

బేగం చనిపోయింది. నిన్న.

తప్పు నాది. నీ ఉత్తరం రాకముందే భీముడి మందు దానికి వేశాను. వణికింది. ఆటోలో మార్కాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు చేతనైనంత చేశాడు. అత్త అంచు కుట్టిచ్చిన నా పాత ఓణీలో చుట్టి, చేను గట్టున పెట్టాం.

క్షమించమని అడగను.

అరుణ


గుంటూరు,
జూన్ 22

అరుణా,

నీ ఉత్తరం అందాక రెండు రోజులు నీకు రాయలేదు. కోపంతోనే.

తర్వాత రసీదు నంబరుతో పోస్టాఫీసులో కనుక్కున్నాను. నా ఉత్తరం స్పీడ్ పోస్టు. పదకొండున నీకు అందింది. బేగం పోయింది పదహారున. నువ్వు బిస్కెట్ పొట్లం మీది అక్షరాలు కూడా వదలకుండా చదివేదానివి. నా ఉత్తరం చదివాక ఆ మందు నువ్వు వెయ్యవు.

నాకు అబద్ధం ఎందుకు రాశావు?

షబానా


పెద్దారవీడు,
జూన్ 27

ప్రియమైన షబానా,

మందు సంగతి రాసిన నీ ఉత్తరం పదకొండునే అందింది. రెండుసార్లు చదివాను. నువ్వు చెప్పినట్టే రెండు పెట్టెలు తెచ్చాను. పద్నాలుగున ఎవరిది వాళ్లకు వేశాను. భీముణ్ని కొట్టంలో కట్టేసి, బేగాన్ని గదిలో పెట్టాను.

భీముడి పెట్టెలో రెండు గొట్టాలున్నాయి. రెండోది వచ్చే నెలకు.

మరునాడు బేగం వణుకుతుంటే డాక్టరు అడిగాడు, ఏం పూశారని. పిల్లి మందే, ఇంకేమీ లేదన్నాను. నిజమనుకునే అన్నాను. అది పోయాక ఇంటికొస్తే, గూట్లో రెండో గొట్టం ఖాళీగా ఉంది.

"ఇదెవరు వాడినారు నాయనా?" అన్నాను.

"నేనే మ్మా. నువ్వు కుక్కకేమో ఇంత గొట్టం తెస్తివి, బేగానికేమో ఇంతే. అది అమీనక్క బిడ్డ. ఐదేండ్లు నీకు బడి దగ్గర ఆమె అన్నం పెట్టింది. ఒక్కనాడన్నా షబానాకొక ముద్ద, నీకొక ముద్ద అని తేడా చేసినాదా? మనింటికొచ్చినదానికి మనం తక్కువ చేస్తే ఎట్ల? అందుకే అదీ వేసినా. అయినా దక్కకపాయె. ఏం రోగమంటమ్మా దానికి?"

ఆ గొట్టం తీసి దాచేశాను.

ఇంట్లో అందరికీ చెప్పమని రాశావు. ఉన్నది మేమిద్దరమే. ఆ ఉత్తరం చదివి, మడిచి, పుస్తకంలో పెట్టుకున్నాను. నాయనకు చదువు రాదు. చదివి వినిపించాల్సింది. నాకు అన్నీ అట్లా లోపల పెట్టుకోవడం అలవాటు. కాబట్టి పోయిన ఉత్తరంలో అబద్ధం ఒక్కటే, నీ ఉత్తరం రాకముందే మందు నేను వేశానన్నది. తప్పు నాది అన్నది నిజం.

నాయన ఇప్పటికీ పెరుగన్నం రెండు చోట్ల పెడుతున్నాడు. భీముడు రెండోది ముట్టడు. నాయన రోజూ అడుగుతున్నాడు, ఏం రోగమని. ఆయనకు చెప్పాలా? బేగం నీది. నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

అరుణ


గుంటూరు,
జూలై 1

ప్రియమైన అరుణా,

మామకు చెప్పొద్దు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. పిల్లులకు వచ్చే జ్వరమొకటి ఉంది, దానికి మందు లేదు, ఎవరు పెంచినా దక్కేది కాదని ఆయనకు నేనే చెబుతాను. నర్సు చదువుతున్న పిల్లను, నమ్ముతాడు. తర్వాత నువ్వు నన్ను చేను గట్టుకు తీసుకెళ్లు. అక్కడ నేను కాసేపు ఏడుస్తాను. నువ్వు మాట్లాడకుండా పక్కన ఉండు, నీకు వచ్చినట్టే.

ఆ రోజు మాత్రం పెరుగన్నం రెండో ముద్ద కుక్క దగ్గర పెట్టొద్దని మామతో చెప్పు. నేను తింటాను.

నీ,
షబానా