కవిత చేసిన పేరు బాక్సు

పూణే

అక్కకు నమస్కారాలతో సుజాత రాసేది. నేను బాగున్నాను. నువ్వు, బావ, పాప ఎలా ఉన్నారు? నాయన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోనులో అయితే పక్కన అమ్మ ఉంటుంది, మనసులోది చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ ఒకటే వాన, బట్టలు ఆరవు. మెస్సులో పప్పులో కూడా బెల్లం వేస్తారు. అయినా తింటున్నాను, బెంగపడొద్దు. ఎవరైనా ఇటు వస్తుంటే నీ చేతి చెనక్కాయల పొడి పంపించు.

నా పనేమిటని అడిగావు కదా. ఆన్‌లైన్‌లో అప్లికేషన్ నింపేటప్పుడు పేరు, తేదీ, ఫోన్ నంబరు రాయడానికి బాక్సులుంటాయే, వాటిని మేం ఒక్కసారి చేసిపెడతాం. మిగతా టీములన్నీ తమ పేజీల్లో అవే పెట్టుకుంటాయి. పేరు బాక్సు నేనొకటి చేశాను, కొత్తగా చేరిన కవిత ఒకటి చేసింది. ఎవరిది నచ్చితే మిగతా బాక్సుల పనంతా వాళ్ళ చేతికే ఇస్తామన్నారు. కవితది చంద్రగిరి. మనవైపు మనిషని మొదట్లో ఎంత సంబరపడ్డానో! ఇప్పుడు ఆమె నవ్వినా నాకు మంటే.

మొన్న ఇండోనేషియా నుంచి వచ్చిన కస్టమరు మేడమ్‌కు రెండూ చూపించాం. ఆమె పేరు ఒక్కటే మాట, ఇంటిపేరు లేదు. నా బాక్సులో రాసి నొక్కితే ‘ఇంటిపేరు తప్పనిసరి’ అని ఎర్రగా వచ్చింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ ఎరుపే. పేరుకు ముందు ఇంటిపేరు అక్షరం లేనిదే మన బడిలో హాజరు కూడా పిలిచేవాళ్ళు కాదు కదక్కా, అది లేనివాళ్ళుంటారని నాకు తోచనే లేదు. కవిత బాక్సు ‘మీ పేరు’ అని మాత్రమే అడిగింది, రాసింది రాసినట్టే తీసుకుంది. కవితదే ఖాయం చేశారు.

బయటికొచ్చాక తనే నా దగ్గరికొచ్చింది. “బాధపడొద్దు సుజీ. మనకుండాది గదా అని అందరికీ ఉంటాదనుకుంటివి. నేనూ మొదట అట్నే చేసినా” అంది.

“మరి నాకు ముందే చెప్పలేదే?” అన్నాను.

“చెబుదామనే వచ్చినా. నువ్వు మొగం తిప్పుకోని పోతివి.”

నిజమే, తిప్పుకున్నాను. అయినా ఓర్వలేకపోతున్నానక్కా. ఆమె వెళ్ళాక, ఒక్క తప్పైనా దొరక్కపోతుందా అని ఆమె బాక్సులో నానా రకాల పేర్లు రాసి చూశాను. చివరికి నా పేరు రాశాను, ఇంటిపేరు అక్షరం, చుక్క, అన్నీ పెట్టి. కిక్కురుమనకుండా అదీ తీసుకుంది. అన్నిటికంటే అదే ఎక్కువ మండింది.

ఇంట్లో ఎవరికీ ఇదంతా చెప్పొద్దు. అమ్మకూ నాయనకూ నా దండాలు, పాపకు ముద్దులు. కాణిపాకం వెళ్ళినప్పుడు నా పేరున ఒక కొబ్బరికాయ కొట్టు. రేపటి నుంచి తేదీ బాక్సు పని, కవిత కింద. పొద్దున్నే ఆమె మొహం చూసి నవ్వే మనసు నాకిమ్మని మొక్కు. ఇప్పటికైతే లేదు.

నీ చెల్లెలు,
సుజాత