మర్యాదకు బహువచనం

కోరుట్ల,
14 ఆగస్టు 1988.

గౌరవనీయులైన అమ్మగారికి, మీ కూతురు రూతు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట ఎన్నో ఉత్తరాల్లో అలవాటుగా రాశాను. ఇవాళ మాత్రం ఇల్లంతా ఒకసారి కలయజూసి రాస్తున్నాను. లీడ్స్‌లో చలి ముదరకముందే మీ మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని ఆశ.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. పెద్దమ్మ కొమురవ్వ బాగుంది. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే వాడకట్టు మొత్తానికి తీర్పులు చెబుతుంది. నాన్న సమాధికి సున్నం వేయించాము. కారం అలవాటైంది కానీ కళ్లలో నీళ్లు ఆగవు, అవి మీ వైపు నుంచి వచ్చినవి. నన్ను వింతగా చూస్తారా అని అడిగారు. చూస్తారు, దాచుకోకుండా చూస్తారు. మొన్న బస్సులో ఒకావిడ రంగు ఊడుతుందేమోనని నా చెయ్యి గోకి చూసింది. పక్కనున్న పెద్దమ్మ ఊరుకుంటుందా? "మా మరిది సామేలు బిడ్డ. తెలుపు తల్లిది, ముక్కు మాది. సూసుడైందా?" అంది. ఆవిడ నవ్వి, సంచిలోంచి జామకాయ తీసి నా చేతిలో పెట్టింది.

నాన్న పోయాక మీరు నన్ను ఎత్తుకుని ఇంగ్లండు ఓడెక్కినప్పుడు నాకు రెండేళ్లు. అప్పటినుంచి అక్కడ నాకున్నది ఒక్క పేరే. ఇక్కడ పేరుతో పనే లేదు. పాలాయనకు చెల్లెను, పక్కింటి పిల్లలకు చిన్నమ్మను, ఎదురింటి నర్సక్కకు వదినను. పొద్దున్నే "తిన్నవా?" అని కనీసం నలుగురు అడుగుతారు. లేదన్నానో, మక్క గటుక గిన్నె వచ్చేస్తుంది. జగిత్యాల బడిలో పాఠాలు చెప్పి తిరిగొచ్చేలోపు బస్సులో మరో రెండు వరసలు కలుస్తాయి. ఈ పిలుపులంటే నాకు పిచ్చి ప్రేమ. ఆ ప్రేమే కొంప ముంచింది.

పోయిన ఉత్తరంలో దాచిన సంగతి ఇది. పెద్దమ్మ కొడుకు రాజలింగం అన్న సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తాడు కదా. పోయిన నెల ఒక ఆదివారం నన్ను చూడటానికి వచ్చి, అన్నం తిని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. మరునాడు నేను బడికి వెళుతుంటే దారిలో పోలీసులు బస్సు ఆపారు. మఫ్టీలో ఉన్న ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. "తెలుగు మంచిగనే అస్తదే! ఎవలింట్ల ఉంటున్నవమ్మా? నిన్న ఎవలన్న అచ్చిన్రా?" అని అడిగాడు. నా తెలుగును మెచ్చుకున్నాడని పొంగిపోయాను. మీరు ఇక్కడున్నప్పుడు పుస్తకాల్లో నేర్చిన తెలుగును వంటింట్లో నాకు చెబుతూ, మర్యాదకు బహువచనం వాడాలని వల్లె వేయించేవారు. ఆ మర్యాదను ఈ ఊరి యాసలోకి దించి, గర్వంగా చెప్పాను: "అన్న అచ్చిన్రు. అన్నం తిని పోయిన్రు."

ఇక్కడ సొంత అన్నను ఎవరూ అలా అనరమ్మా. "అన్న అచ్చిండు" అంటే ఇంట్లో మనిషి. "అచ్చిన్రు" అంటే అన్నలు, అడవిలోంచి తుపాకులతో వచ్చేవాళ్లు. వాళ్లకు అన్నం పెట్టిన ఇంటికి ఏం జరుగుతుందో ఈ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియలేదు.

సాయంత్రానికి ఇల్లంతా వెతికారు. ఆదివారం వచ్చింది రాజలింగమని తెలుసుకుని, అతనే అన్నలను వెంటబెట్టుకొచ్చాడని, మగ్గం దగ్గరి నుంచే జీపెక్కించారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. కనిపించిన ప్రతి ఖాకీ చొక్కాకూ అది నా భాషలో తప్పని చెప్పుకున్నాను. నవ్వారు. పెద్దమ్మ ఐదు రోజులు చాట ముట్టలేదు. "చెప్పినోని నోట్లె మన్నువడ" అని శాపనార్థాలు పెడుతూనే నా పళ్లెంలో అన్నం వడ్డించింది. నేను ఆ అన్నం తిన్నాను. మళ్లీ పరాయిదాన్ని అవుతానేమోనని భయపడి, చెప్పింది నేనేనని పెద్దమ్మతో అనలేదు. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆరో రోజు మగ్గాల సేఠు వెళ్లి, రాజలింగం తన పనివాడేనని సాక్ష్యం చెబితే వదిలారు. అన్న కుడిచేతి వేళ్లు రెండు వంగడం లేదు. తెగిన పోగు ముడివేయలేడు. పెద్దమ్మ నీళ్లు కాచడానికి పెరట్లోకి వెళ్లగానే అతని కాళ్ల దగ్గర కూర్చున్నాను. "అన్నా, మీరు..." అన్నాను.

"ఎరుకనే చెల్లె," అన్నాడు. "గాడ కొట్టుకుంట గదే మాట అడిగిన్రు. అన్న అచ్చిన్రట, ఎంతమంది అచ్చిన్రు అని. మా ఇంట్ల గట్ల మాట్లాడేది నువ్వొక్కదానివే." కాసేపు తన వేళ్ల వైపు చూసుకున్నాడు. "ఇగ నన్ను నువ్వు అను. నేను ఒక్కన్నే."

"అన్నా, నువ్వు తిన్నవా?" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

పెద్దమ్మకు తనే చెబుతానన్నాడు. నేను వద్దన్నాను. రేపు పొద్దున పెద్దమ్మ చాట ముందేసుకోగానే ఎదురుగా కూర్చుని నేనే చెబుతాను. వెళ్లగొడితే రావడానికి నాకు నీ ఇల్లు తప్ప వేరే దిక్కు లేదు. "నీ" అని రాశానని ఉలిక్కిపడకు. "మీరు" అనే మాట ఇక నా నోటికి రాదు. నువ్వు కూడా నాకు ఒక్కదానివే కదమ్మా.

ఇట్లు,
నీ బిడ్డ
రూతు