పడవ కింద తేనె రంగు వెలుగు

జూన్ 14, ఆదివారం ఉదయం

చిరంజీవి మనవరాలికి,

అమ్మమ్మ దీవెనలు. నా ఎడమ మోకాలు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. అది కూడా మెట్లు కనబడితేనే మూలుగుతోంది. నువ్వూ, కుట్లు విప్పించుకున్న నీ భుజమూ కుశలమని తలుస్తాను.

నువ్వు కొనాలనుకున్న పాత పడవ చూసొచ్చి ఫోనులో చెప్పమన్నావు. ఫోనులో నువ్వు సగం విని "సరేలే అమ్మమ్మా" అంటావు. దాన్ని అమ్మే ఆయన నెలాఖరు దాకా ఇంకెవరికీ ఇవ్వనన్నాడు కనుక తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఆపరేషన్ తర్వాత ఇరవై కిలోలకు మించి ఎత్తకూడదన్నాడు డాక్టరు. నీ ప్లాస్టిక్ పడవ దానికి రెట్టింపు. కెవ్లార్‌ది తేలికే గానీ కొత్తది కొనే తాహతు లేదు. "ఈ పాతది బాగుంటే సరే, నువ్వు కాదంటే ఇక పడవల మాటే ఎత్తను" అని రాశావు. బరువంతా నా నెత్తిన పెట్టి నువ్వు మాత్రం హాయిగా కూర్చున్నావు, పిడుగా!

అమ్మే ఆయన వయొలిన్లు బాగుచేస్తాడు. ఇంటి వెనక మెట్లు దిగితే సరస్సే. పడవను రెండు పీటల మీద బోర్లించి ఉంచాడు. స్నానాల గదిలో బరువు చూసుకునే త్రాసు తెప్పించి, ఆయన్ను ఒట్టిగా ఒకసారి, పడవతో ఒకసారి నిలబెట్టాను. పంతొమ్మిది కిలోలు. ఆ గండం గడిచింది.

ఎండకు పాడైందేమో చూడమన్నావుగా, ఇక ఆ సంగతి. కెవ్లార్ అంటే ఏదో లోహమనుకున్నాను. తీరా చూస్తే నేత గుడ్డ! రెసిన్ అనే జిగురు పట్టించి గట్టిపరిచారు, అంతే. ముప్పై ఏళ్లు మిల్లులో గుడ్డకు వంకలు పెట్టి జీతం తీసుకున్నదాన్ని, నా చెయ్యి ఊరుకుంటుందా? సీటు పట్టీ తొలగించి, వెలుగు సోకని చోట చూశాను. నిమ్మపండు పసుపు. మిగతా ఒళ్లంతా తేనె రంగు, ఒక పక్కయితే చిక్కటి టీ రంగు. మిల్లులో రంగు తిరిగిన గుడ్డ ఎంత గట్టిదైనా రెండో రకమే. ఇక్కడా అదే ముద్ర వేసేశాను.

"ఎండకు మాడిందండీ. రెండో రకం."

"అక్కగారూ, నా జుట్టూ రంగు తిరిగింది. నన్నూ రెండో రకమంటారా?"

"మీ బేరానికి రాలేదు లెండి. షెడ్డులోనే ఉంచానన్నారుగా, మరి ఒక్క పక్కే ఎందుకు నల్లబడింది?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. "షెడ్డుకు కిటికీ ఉందండీ. ఆ పక్కనే." తర్వాత నెమ్మదిగా చెప్పాడు: "వెలుగు తగిలితే ఈ దారం రంగు మారి తీరుతుంది. అదొక్కటే చూసి బలం పోయిందనకండి. పైపూత నిలిచిందా లేదా చూడండి."

తడిగుడ్డతో తుడిచాను. మెరుపు వచ్చింది, ఆరగానే మసకేసింది. అంటే వార్నిష్ అలిసిపోయింది, దాని కింద గుడ్డ ఇంకా క్షేమం. అడుగున గీతలు బోలెడు, కానీ గోరు ఎక్కడా దిగలేదు. ఒడ్డున ఈడ్చిన చోట, వెనక మొనకు మాత్రం, పాత తువాలులా నూగు లేచింది.

మిల్లులో గుడ్డను వెలుగు నింపిన అద్దపు బల్ల మీదుగా లాగి చూసేవాళ్లం. ఇక్కడ బల్ల లేదు, సూర్యుడున్నాడు. "అలాగే భుజాల మీదికి ఎత్తండి" అని నేను పడవ కింద దూరాను.

ఏం చెప్పను తల్లీ! గోడలన్నీ వెలిగాయి. ప్రతి పోగూ కనబడుతోంది. దీపం లోపలికి వెళ్లి నిలబడ్డట్టుంది. ఆయన ఆ పడవతోనే నీళ్ల వైపు నడిచాడు, కింద నేనూ నడిచాను. సరస్సు మీది మెరుపులు మా తలల పైన ఆ నేతలో చేపపిల్లల్లా పరుగెత్తాయి. ఎవరి నిద్రలోనో నడుస్తున్నట్టు, అడుగుల చప్పుడు కూడా దూరంగా వినిపించింది. వెనక సీటు దగ్గర అరచేతి మేర పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చ కనబడింది. ఆపమన్నాను. ఆయన వేలి కణుపుతో కొట్టాడు. మిగతా అంతటా టక్కుమన్న చప్పుడు అక్కడ మొద్దుగా పలికింది. "పొరలు విడిపోయాయి. నా చెవికి ఇన్నాళ్లూ అందలేదు" అని ఒప్పుకున్నాడు. బొటనవేలితో నొక్కితే కాస్త మెత్తగా ఉంది. బాగవుతుంది, తానే చేసిస్తానన్నాడు.

మెట్లన్నీ దిగిపోయామని అప్పుడు చూసుకున్నాను. మోకాలు మూలగలేదు.

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు చెప్తాను. నేను వద్దనడానికే వెళ్లాను. బండల మీద పడవ తిరగబడి నువ్వు ఆసుపత్రిలో పడుకున్న రోజు నుంచీ నాకు నీళ్లంటే పగ. నల్లబడ్డ ఆ పక్క కనబడగానే సాకు దొరికిందని లోలోపల సంతోషించాను. ముద్ర అంత తొందరగా వేసింది అందుకే.

మెత్తబడ్డ చోటు నీళ్ల మీద ఎలా ఉంటుందో చూడాలని ఆయనతో అన్నాను. అది రెండో సాకు. లైఫ్ జాకెట్ తొడుక్కుని ముందు సీటులో కూర్చున్నాను, ఆయన వెనక సీటులో తెడ్డు పట్టాడు. ఒడ్డు ఎప్పుడు వదిలామో తెలియదు. పక్కగోడలోంచి నీటి నీడ నా చీర మీద ఆడింది. తెడ్డు ఎత్తినప్పుడు రాలే చుక్కల చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ లేదు. "ఎందుకే అలా పోతావు?" అని నేను కసిరినప్పుడల్లా నువ్వు నవ్వి ఊరుకునేదానివి. జవాబు లేక కాదన్నమాట.

ఇక జరగవలసినవి:

1. పడవ తీసుకో. నెలాఖరులోగా ఆయనకు స్వయంగా ఫోను చెయ్యి.
2. తెల్లమచ్చ బాగుచేశాక నేను మళ్లీ కింద దూరి చూస్తాను. ఆ తర్వాతే పడవ కదులుతుంది.
3. నూగు మీద గరుకు కాగితం పెట్టకు, ఇంకా లేస్తుంది. ముందు రెసిన్ పూసి గట్టిపడనివ్వు.
4. ఎండకు ఓర్చే వార్నిష్ రెండు పూతలు వెయ్యి. కిటికీ లేని షెడ్డు చూడు.
5. భుజం పూర్తిగా కుదిరే దాకా ఒంటరిగా వెళ్లడం లేదు. పడవకు రెండు సీట్లున్నాయి. నా కొలతకు లైఫ్ జాకెట్ కొను.

ఇట్లు,
ముందు సీటులో కూర్చోబోయే
మీ అమ్మమ్మ